అల్లుడి చప్పుడు

మోహనకృష్ణ కారు రైస్ మిల్లు దగ్గర మెయిన్ రోడ్డు దిగి దోనివలస దారి పట్టిందంటే ఆ సంగతి లక్ష్మణమ్మకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు పాత దుప్పటి బర్రున చింపినట్టు ఓ చప్పుడు వస్తుంది. దాని వెనకాలే సీమటపాకాయల జడ ముట్టించినట్టు టపటపమని ఓ వరస. ఊళ్ళో కుక్కలన్నీ లేచి మొరుగుతాయి. అరుగుల మీద చుట్టలు కాల్చుకుంటున్న ముసలాళ్ళు "లక్ష్మణమ్మ సిన్నల్లుడు దిగినాడ్రా" అని తీర్మానిస్తారు. లక్ష్మణమ్మ చేతిలో ఏ పనుంటే ఆ పని అక్కడ పడేసి, పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, చెంబుతో నీళ్ళు పట్టుకుని వీధి గుమ్మంలోకి వచ్చేస్తుంది. రోడ్డు గతుకులు కాబట్టి మిల్లు నుంచి ఇంటికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాల్లో ఆవిడ చెయ్యలేని పని లేదు.

ఈ వైభోగమంతా పెద్దల్లుడు నరసింగరావు పెరటి వైపు నుంచి చూస్తూ ఉంటాడు. నాలుగేళ్ళుగా చూస్తున్నాడు. చూసిన ప్రతిసారీ అతనికి ఒళ్ళు మండుతూనే ఉంది.

నరసింగరావుకి వచ్చిన చిక్కేమిటంటే, అతను ఆ ఇంటికి అల్లుడు కావడానికి ముందే మేనల్లుడు. మావగారు పోతురాజు అతని తల్లికి సొంత తమ్ముడు. చిన్నప్పుడు బడి సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిచాయి. ఆ పెరట్లో పడి మోకాళ్ళు చెక్కుకున్నాడు, ఆ అటక మీది బెల్లం కుండలో చెయ్యిపెట్టి తన్నులు తిన్నాడు. మావ కూతురు పద్మకుమారిని పెళ్ళి చేసుకున్నాక ఇక అల్లుడి హోదా వస్తుందనుకున్నాడు. రాలేదు. పెళ్ళయిన మర్నాడే లక్ష్మణమ్మ పిలిచి, "ఒరే నరసింగా, ఆ టెంటోడి గిన్నెలు అప్పగించీరా" అంది. పసుపు బట్టలతోనే వెళ్ళి అప్పగించి వచ్చాడు. ఆ రోజు మొదలు అంతే. రెండో కూతురు శ్రావణిని బొబ్బిలి సంబంధానికి ఇచ్చారు. అక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉన్న మోహనకృష్ణ బయటివాడు కాబట్టి వచ్చీ రావడంతోనే అసలైన అల్లుడైపోయాడు.

ఆ ఆదివారం సంగతే తీసుకోండి. నరసింగరావుకి గరివిడి ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు రోజు పొద్దున్నే భార్యని ఎక్కించుకుని, రాజాం మీదుగా పదకొండింటికల్లా దోనివలస చేరాడు. అతని తెల్లకారు బహు నెమ్మదైన కారు. అద్దాలెక్కిస్తే ఇంజిన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. దాన్ని గడ్డిమేటు పక్కన ఆపి, అలవాటు ప్రకారం పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వస్తే, పోతురాజు ఒక బుగ్గ ఉబ్బించుకుని గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"ఏటి మావా అది?"

పోతురాజు పలకలేదు. పలికితే బెల్లం ముక్క బయటపడుతుంది.

"ఉమ్మీ. సుగరు మూడొందలున్నాదని డాక్టరు సెప్పి నెల కాలేదు. బెల్లం తింతావేటి?"

బెల్లం మింగేసి గాని పోతురాజు నోరు విప్పలేదు. "దొంగలాగ వస్తావేట్రా నువ్వు? తలుపు కొట్టి రారేటి మనుషులు?"

లక్ష్మణమ్మ కుడితి బకెట్టుతో లోపలికి వస్తూ, "ఎప్పుడొచ్చినావురా? సద్దన్నం ఉన్నాది, ఉల్లిపాయ కోసుకుని తినీ. తిన్నాక ఆ మోటారు నీళ్ళందుకోటం లేదు, ఓపాలి సూడు" అంది. నరసింగరావు చద్దన్నం తిన్నాడు. మోటారు విప్పాడు. మోచేతుల దాకా మడ్డి నూనె పూసుకుని కూర్చున్న సమయానికి, అల్లంత దూరాన మిల్లు దగ్గర దుప్పటి చిరిగిన చప్పుడు వినిపించింది.

"ఒరే నరసింగా, మోటారు ఒగ్గీ. బేగి ఆ పుంజుని పట్టు" అంది లక్ష్మణమ్మ పరుగులాంటి నడకతో.

నరసింగరావు పుంజు వెంట పెరడంతా తిరిగాడు. ముళ్ళకంప సందులో దొరికింది. దొరికేముందు బొటనవేలు మీద పొడిచింది. అతను వేలు చప్పరిస్తూ, రెక్కలు కొట్టుకుంటున్న పుంజుని పట్టుకుని వీధివైపు వచ్చేసరికి మోహనకృష్ణ నల్ల కళ్ళద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, కాళ్ళు కడుక్కుంటున్నాడు. చుట్టూ ఇరవైమంది చేరారు. పద్మకుమారి కూడా వాళ్ళలో ఉంది. ఆమె ముఖం చాటంత అయి ఉంది. భోజనాల దగ్గర కోడి కాళ్ళు రెండూ చిన్నల్లుడి విస్తట్లోకి వెళ్ళాయి. నరసింగరావుకి మెడ వచ్చింది.

"నీకు మెడ ఇష్టం కదరా" అంది లక్ష్మణమ్మ ప్రేమగా. ఆ మాట అతను తొమ్మిదేళ్ళ వయసులో ఒకసారి అన్నాడు, అదీ అప్పుడు మెడ తప్ప ఇంకేం మిగల్లేదు కాబట్టి.

తిరిగి వెళ్ళేటప్పుడు కార్లో అతను చీపురుపల్లి దాకా నోరు విప్పలేదు.

"ఏటి బావా, అలగున్నావు?" అంది పద్మకుమారి.

"మీయమ్మ నాకెప్పుడైనా కాళ్ళకి నీళ్ళిచ్చినాదేటి?"

పద్మకుమారి ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి పకపక నవ్వింది. "నీకేటి, పెరట్లో కుళాయి ఉన్నాది కదా."

ఆ నవ్వుతో అతని మనసు పూర్తిగా విరిగిపోయింది. అతనికి మోహనకృష్ణ షాపు మీద కన్ను లేదు. ఆ కారు మీదా లేదు, అది తన కారుకంటే మూడేళ్ళు పాతది. కోడి కాళ్ళ మీద కూడా, నిజం చెప్పాలంటే, పెద్ద మోజు లేదు. అతను ఓర్చుకోలేనిది ఆ నాలుగు నిమిషాలు. ఒక మనిషి ఇంకా రాకముందే ఇల్లంతా లేచి అతని కోసం నిలబడటం. తను ఎప్పుడు వెళ్ళినా "ఎప్పుడొచ్చినావురా" అంటారు. ఆ ప్రశ్నలోనే ఉంది తన విలువంతా. వచ్చినట్టు కూడా తెలియని అల్లుడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అలా అనుకుని అనుకుని వారం రోజులు కుళ్ళిపోయాడు. ఫ్యాక్టరీ సైరను మోగితే అందరూ పరుగులు పెడుతుంటే చూసి, చప్పుడు చేసేదానికే లోకంలో మర్యాద అని ఓ నిర్ణయానికి వచ్చాడు.

రాజాంలో పాలకొండ రోడ్డు మీద ఏసురాజు షెడ్డు ఉంది. కార్లకి చప్పుడు పెట్టడంలో అతన్ని మించినవాడు రెండు జిల్లాల్లో లేడని కుర్రాళ్ళు చెప్పుకుంటారు. నరసింగరావు కారు దిగి, చుట్టూ ఒకసారి చూసి, ఏదో తప్పుపని చేయించుకోవడానికి వచ్చినవాడిలా గొంతు తగ్గించి విషయం చెప్పాడు.

ఏసురాజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "సౌండొకటే సాలా, టపాకాయలు కూడా కావాలా సార్?" అని అడిగాడు.

"తేడా ఏటి?"

"సౌండైతే మీరొస్తన్నారని తెలుస్తాది. టపాకాయలైతే మీరొచ్చినారని తెలుస్తాది."

"రెండూ పెట్టు" అన్నాడు నరసింగరావు. కారు కిందకి దూరిన ఏసురాజు కాళ్ళు మాత్రమే కనిపిస్తుంటే, ఉండబట్టలేక, "ఇవి ఎవరెవరు పెట్టించుకుంతారు?" అని అడిగాడు.

"సగం మంది కుర్రోళ్ళు సార్. కాలేజీల ముందు తిరగడానికి. ఆళ్ళతో గొడవ లేదు, పెళ్ళయి పిల్లాడు పుడితే ఆళ్ళే వచ్చి తీయించీసుకుంతారు. మిగిలిన సగం మీ ఈడోళ్ళే. ఒకాయన పెసిడెంటుగా ఓడిపోనాడు. ఓడిపోన మర్నాడు పొద్దున్నే షెడ్డు తలుపు కొట్టినాడు. ఒకాయన నలుగురన్నదమ్ముల్లో ఆఖరోడు, ఇంట్లో ఆయన మాట ఎవలూ ఇనరంట. ఒక మేస్టారు కూడా ఉన్నారు, పాపం, శానా మెత్తటి మనిషి. ఆయనదే అన్నిటికన్నా పెద్ద సౌండు."

"వాళ్ళే సెప్పినారేటి నీకివన్నీ?"

"ఎవలు సెప్తారు సార్? అందరూ పికప్పు పెరుగుతాదంట కదా, మైలేజీ వస్తాదంట కదా అంతారు. పెరగదు, తగ్గుతాది అని సెప్తాను. అయినా పెట్టించుకుంతారు. అప్పుడు తెలిసిపోద్ది, ఈయనకి ఇంట్లో ఏదో లోటున్నాదని."

"నాకు పికప్పు కోసమే" అన్నాడు నరసింగరావు.

"అవును సార్" అన్నాడు ఏసురాజు కారు కింద నుంచే. ఆ గొంతులో వెటకారం ఉందేమోనని నరసింగరావు చెవులు రిక్కించి విన్నాడు. లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

సైలెన్సర్ లోపలి పొరలన్నీ పీకేసి, లావుపాటి గొట్టం అతికించి, సాయంత్రానికి కారు చేతికిచ్చాడు. తాళం తిప్పగానే కాళ్ళ కింది నుంచి గుండెల దాకా గుబగుబమంది. పక్కన టీ కొట్టు వాడు గ్లాసు చేతిలో పట్టుకుని తలెత్తి చూశాడు. నరసింగరావు జీవితంలో టీ కొట్టు వాడు అతని వైపు పిలవకుండా తలెత్తడం అదే మొదలు.

ఆ బుధవారం ఏ పనీ లేకపోయినా ఒక్కడే దోనివలస బయల్దేరాడు. మిల్లు దగ్గర కావాలనే గేరు తగ్గించి గట్టిగా తొక్కాడు. తొక్కి వదిలాడు. టపాకాయలు పేలాయి, కుక్కలు లేచాయి. వీధిలో ముసలాళ్ళు "సిన్నల్లుడేటి, బుధవారం నాడు దిగినాడు" అనుకుంటూ లేచి నిలబడ్డారు. లక్ష్మణమ్మ చెంబుతో గుమ్మంలో ఉంది. తల మీద కొంగు కప్పుకుని, నవ్వు సిద్ధం చేసుకుని ఉంది. కారు ఆగింది. నరసింగరావు దిగాడు.

"నువ్వేట్రా?" అంది లక్ష్మణమ్మ. ఆ నవ్వు కరెంటు పోయినట్టు పోయింది.

అతని గుండెలో ముల్లు దిగింది. కానీ అప్పటికే వీధంతా పోగయింది. ఇరవైమంది చూస్తుండగా తెచ్చిన నీళ్ళు వెనక్కి తీసుకుపోవడానికి లేదు. లక్ష్మణమ్మ చెంబు అందించింది. నరసింగరావు ప్యాంటు మడిచి కాళ్ళు కడుక్కున్నాడు. అంతసేపు కాళ్ళు కడుక్కున్న మనిషిని దోనివలస అంతకుముందు చూడలేదు.

మూడోసారి వెళ్ళేసరికి ఊరికి రెండు కార్ల చప్పుళ్ళూ విడివిడిగా తెలిసిపోయాయి. "సిన్నల్లుడిది ఉరుము, పెద్దల్లుడిది దగ్గు" అన్నారు అరుగు మీది ముసలాళ్ళు. ఆ మాట చెవిన పడగానే నరసింగరావు తిరుగుదారిలో ఏసురాజు దగ్గర ఆగి, గొట్టం ఇంకో అంగుళం లావుది పెట్టించాడు.

ఆ తర్వాత అన్నీ అతను కోరుకున్నట్టే నడిచాయి. ఊరందరి ముందూ కాళ్ళకి నీళ్ళిచ్చిన మనిషిని లక్ష్మణమ్మ "ఒరే" అని ఎలా పిలుస్తుంది? "రండి బాబూ" అనడం మొదలుపెట్టింది. వీధి గదిలో కుర్చీ వేసి, ఫ్యాను అతని వైపు తిప్పేది. పోతురాజు చొక్కా తొడుక్కుని, మంచం మీద నిటారుగా కూర్చుని, "ఏటి బాబూ, డ్యూటీలెలగున్నాయి?" అని ఎవరో బ్యాంకు మేనేజరుతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. మోటారు సంగతి ఎవరూ ఎత్తలేదు. చద్దన్నం మాట అసలే లేదు. ఎసరు మరిగే చప్పుడు వింటూ కుర్చీలో కూర్చుంటే నరసింగరావుకి ప్రాణం లేచొచ్చేది. మోహనకృష్ణ నాలుగేళ్ళుగా అనుభవిస్తున్నది ఇదన్నమాట అనుకుని, ఆ పోయిన నాలుగేళ్ళకి కూడా కుళ్ళుకునేవాడు.

పద్మకుమారి మాత్రం రెండుసార్లు ఎక్కి మూడోసారి ఎక్కనంది.

"ఆ కారెక్కితే నీ మాట నాకు ఇనబడదు, నా మాట నీకు ఇనబడదు. దిగినాక రోజంతా తలనొప్పి. నువ్వే ఎల్లు."

"మీయమ్మ నన్నిప్పుడు బాబూ అంతన్నాది, తెలుసేటి?"

"తెలుసు. ఫోన్లో నాతో కూడా పెద్దల్లుడుగారొచ్చినారు అనే సెప్తన్నాది. నువ్వెవరో పరాయోడివైనట్టు. ఆ మాట ఇంటంటే నాకు ఒళ్ళు మండుతున్నాది బావా. నీకు సిగ్గుగా లేదేటి?"

సిగ్గెందుకు, అతనికి ఆ మాట ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది. తన భార్యకి తన మర్యాద చూసి కన్నుకుడుతోందని అనుకున్నాడు. అందరి మనసులూ తన మనసులాగే ఉంటాయని అతని నమ్మకం.

వైశాఖం ఎండల్లో ఒక చల్లటి కబురు వచ్చింది. మోహనకృష్ణ కారుని పోలీసులు రోడ్డు మీద ఆపి, సైలెన్సర్ అక్కడికక్కడే విప్పించి పట్టుకుపోయారట. కంపెనీ సైలెన్సర్ పెట్టుకుంటే గాని బండి కదలనివ్వం అన్నారట. నరసింగరావు ఈ కబురు ఫోన్లో విని, అయ్యో పాపం అని, ఫోను పెట్టేసి, క్యాంటీన్లో ఎదురుగా ఉన్నవాళ్ళందరికీ టీలు చెప్పాడు. ఇక దోనివలసకి చప్పుడున్న అల్లుడు తనొక్కడే. ఆ ఆనందం పట్టలేక మర్నాడే డ్యూటీ దిగి అటునుంచి అటే బయల్దేరాడు.

ఆ రోజు జరిగిన మర్యాద మరెప్పుడూ జరగలేదు. గుమ్మంలో నీళ్ళు, కుర్చీ మీద కొత్త తువ్వాలు, గదిలో రెండు మూలలా అగరొత్తులు. గది నిండా మల్లెపూల వాసన కమ్మేసి, దాని అడుగున ఎక్కడో ఆసుపత్రి వాసనలాంటిది చిన్నగా ఉంది. నేల ఫినాయిలుతో కడిగించారు కాబోలు అనుకున్నాడు. తన కోసం అగరొత్తులు కూడా వెలిగిస్తున్నారని కొంచెం మొహమాటపడ్డాడు. పోతురాజు మంచం మీద గోడకి చేరగిలి కూర్చున్నాడు. ఆ ఎండలో నడుము దాకా మందపాటి దుప్పటి కప్పుకున్నాడు.

"ఏటి మావా, సలేస్తన్నాదేటి?"

"ఫ్యాను గాలి పడట్లేదు బాబూ" అన్నాడు పోతురాజు. కాస్త చిక్కినట్టున్నాడు. అడుగుదామనుకునేలోపు లక్ష్మణమ్మ విస్తరి వేసేసింది. కోడి కాళ్ళు రెండూ అతనికే వచ్చాయి. చిన్నల్లుడి కారు గురించి తనే రెండుసార్లు ఎత్తి, "పాపం, ఇప్పుడు ఎలగొస్తాడో ఏటో" అని సానుభూతి చూపించి, తృప్తిగా తాంబూలం వేసుకుని వచ్చేశాడు.

పది రోజుల తర్వాత డ్యూటీలో ఉండగా పద్మకుమారి ఫోను చేసింది. ఏడుస్తోంది. నాన్నని విజయనగరంలో ఆసుపత్రిలో చేర్చారని, కాలికి పుండు పడి లోపలికి పాకిందని, పొద్దున్న రెండు వేళ్ళు తీసేశారని, తను బస్సులో బయల్దేరానని చెప్పింది.

"ఎవలు తీసుకెల్లినారు?"

"మోహనకృష్ణ. నాల్రోజులై అక్కడే ఉన్నాడంట. మనకి సెప్పొద్దని నాన్నే అన్నాడంట. బావా, నువ్వు మొన్ననే కదా ఎల్లొచ్చినావు. నీకు కనపడలేదేటి?"

నరసింగరావు ఫోను పెట్టేసి కారు తీశాడు. గరివిడి నుంచి విజయనగరం దాకా కారు అరుస్తూనే ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ చేతికర్ర అడ్డం పెట్టి, "ఈ బండి లోపలికి రాడానికి లేదండి, రోగులున్నారు. అల్లక్కడ పెట్టుకుని రండి" అన్నాడు. సందు చివర పెట్టుకుని, ఎండలో నడిచి వచ్చాడు.

వార్డులో గుమ్మం దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. మంచం పక్కన మోహనకృష్ణ ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు లేవు, ఇస్త్రీ చొక్కా లేదు. నలిగిన లుంగీ కట్టుకుని, బనీను మీద తువ్వాలు వేసుకుని, గడ్డం మాసి, వంగి పోతురాజు కింద నుంచి బెడ్‌పాన్ తీస్తున్నాడు.

"మెల్లగ రా, సచ్చినోడా. కాలు లాగేస్తన్నావు" అని విసుక్కున్నాడు పోతురాజు.

"ఊరుకో మావా. నువ్వు కదిలితే నాకు సేతకాదు" అన్నాడు మోహనకృష్ణ. ఇద్దరూ పుట్టినప్పటి నుంచి ఒక ఇంట్లో ఉన్నవాళ్ళలా ఉన్నారు. బెడ్‌పాన్ మూత పెట్టుకుని వెళ్తూ నరసింగరావుని చూసి, "రండన్నయ్యా" అని పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

లక్ష్మణమ్మ పక్కమంచం వాళ్ళకి కథ చెబుతోంది. చిన్నల్లుడు ఆ రోజు ఎప్పుడొచ్చాడో ఎవరికీ తెలీదట. శ్రావణికి నెలలు నిండుతున్నాయి, పచ్చడి జాడీ పట్టుకెళ్దామని వచ్చాడట. ఎవరూ ఎదురు రాకపోతే పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చేశాడట. వచ్చేసరికి ఈవిడ పుండు కడుగుతోంది, దాచడానికి చెయ్యి ఖాళీ లేదు. చూసిన క్షణం నుంచి వద్దన్నా వినకుండా మావని భుజమ్మీద ఎత్తుకుని కార్లో పడుకోబెట్టాడట.

"దారంతా పిసరంత కుదుపు లేదమ్మా, సప్పుడు లేదు. మనిషి నిద్దరోనాడు" అంది.

నరసింగరావు మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నాకెందుకు సెప్పలేదు మావా? అన్ని సార్లొచ్చినాను. పది రోజుల కిందట కూడా వచ్చినాను."

పోతురాజు కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు. "ఏటి సెప్తాను బాబూ? ఆసుపత్రంటే నాకు బయం. సెప్తే లాక్కుపోతారు. మీరొస్తన్నారంటే మిల్లు కాడే తెలిసిపోద్ది. మీ అత్త దుప్పటి కప్పీసీది, అగరొత్తులు ముట్టించీసీది. మీరు నిండుగా బోజనం సేసి ఎల్లిపోయీవోరు. మరియాదకొచ్చిన మనిషికి పుండు సూపిత్తామేటి?"

నిందించి అన్న మాట కాదది. మామూలుగా, ఉన్నది చెప్పాడు. నరసింగరావుకి అంతకంటే గట్టిగా ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు. తను రెండు మూలల అగరొత్తులు చూసి మురిసిపోయిన ఆ గంటలో, చేతికందేంత దూరంలో, ఆ దుప్పటి కింద ఆ కాలు కుళ్ళుతూ ఉంది. బుగ్గలో దాచిన బెల్లం ముక్క కూడా కనిపెట్టేసేవాడు తను ఒకప్పుడు. తిట్లు తింటూ, చద్దన్నం తింటూ, ఆ ఇంట్లో తనకి తెలియని మూల ఉండేది కాదు.

మోహనకృష్ణ చేతులు కడుక్కుని వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని, బాగున్న కాలు ఒత్తడం మొదలుపెట్టాడు. "అక్కడ కాదురా, కిందకి" అన్నాడు పోతురాజు. మోహనకృష్ణ కిందకి ఒత్తాడు. ఆ "రా" నరసింగరావు చెవిన పడింది. వీధి గుమ్మంలో నీళ్ళ చెంబు చూసి పడిన బాధ దీని ముందు లెక్కలోది కాదు. అది వేరొకడికి ఇచ్చింది చూసి కుళ్ళుకోవడం. ఇది తనది, తను చేతులారా వదిలేసుకుంటే వాడు ఏరుకున్నాడు. వాణ్ణి లేవదీసి, వాడి స్థానంలో కూర్చుని, వాడి బదులు తను తిట్లు తినాలనిపించింది.

"లే మోహనా. నేనొత్తుతాను" అన్నాడు.

"అయ్యో, మీకెందుకు బాబూ" అంది లక్ష్మణమ్మ గబగబా లేచి. "డ్యూటీ నుంచి అలిసిపోయొచ్చినారు. ఆడికి అలవాటైపోనాది లెండి."

"రాత్రికి నేనుంటాను అత్తా."

"మీకిక్కడ పడక కుదరదు బాబూ, దోమలు. ఆడుంటాడు."

ఇంతలో నర్సు కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది. రేపు పుండు మళ్ళీ కోసి శుభ్రం చెయ్యాలని, అవసరమైతే ఇంకో వేలు కూడా తీస్తారని, దానికి ఒప్పుకుంటూ సంతకం కావాలని చెప్పింది. "పేషెంటు తాలూకు ఇంటి మనిషి ఎవరండీ?" అని అడిగింది.

నరసింగరావు చెయ్యి ముందుకు చాచాడు. ఆ ఇంటి మేనల్లుడు అతను, పెద్దల్లుడు అతను. కలం అందుకోబోయాడు.

"మోహనా, ఎల్లి రాసీరా" అంది లక్ష్మణమ్మ.

మోహనకృష్ణ లేచి, లుంగీకి చేతులు తుడుచుకుని, నర్సు చేతిలో కలం తీసుకుని సంతకం పెట్టాడు. చాచిన చెయ్యితో నిలబడిపోయిన నరసింగరావు వైపు చూసి నర్సు, "మరి వీరెవరండీ?" అంది.

"మా పెద్దల్లుడుగారండి" అంది లక్ష్మణమ్మ, కొంగు సర్దుకుంటూ, ఎంతో గౌరవంగా. "సూడ్డానికొచ్చినారు."

నర్సు తలూపి, పెద్దల్లుడుగారికి కుర్చీ వెయ్యమని ఆయాతో చెప్పి వెళ్ళిపోయింది. ఆయా కుర్చీ తెచ్చి మంచానికి కొంచెం ఎడంగా వేసింది. నరసింగరావు అందులో కూర్చున్నాడు.